మైసమ్మ ముగ్గు ఇల్లు

ఇందిరమ్మ ఇల్లు మంజూరైందని తెలిసిన వారంలోనే మైసమ్మ తన పాత మట్టిగోడలు కూల్చేసింది. గార్ల దగ్గరి పల్లెలో కూలిపని ఆమెది. మేస్త్రీ కొమురెల్లి వచ్చి చదును చేసిన నేల మీద గోడలు లేచే చోట సున్నంతో ముగ్గు పోశాడు. రెండు గదులు, వంటిల్లు, తూర్పున దర్వాజ. పునాది లేస్తే గాని సర్కారు మొదటి పైసలు పడవు. ఇసుక దొరికితే గాని పునాది లేవదు.

మైసమ్మ ఆగలేదు. ఆ ముగ్గులోనే కాపురం పెట్టింది. పక్కన టార్పాలిన్ పరదా కింద పడుకున్నా, తెల్లారగానే దర్వాజ గుండా లోపలికి పోయి, వంటింట్లో మూడు రాళ్లు పెట్టి చాయ కాచుకునేది. సాయంత్రం కిటికీ రాబోయే చోట కూర్చుంటే, గాలి అక్కడి నుంచే వస్తున్నట్టు ఉండేది.

ఒకరోజు పంచాయతీ కార్యదర్శి నీరజ సర్కారుకు పంపేందుకు ముగ్గు ఫోటో తీసుకోవడానికి గీతలు దాటుకుంటూ వచ్చింది.

"గోడలకెల్లి వస్తవేంది బిడ్డా? దర్వాజ గటు దిక్కున్నది," అంది మైసమ్మ.

నీరజ నవ్వలేదు. వెనక్కి పోయి, చెప్పులు విడిచి, దర్వాజలోంచి వచ్చింది.

తర్వాత వానలకు ముగ్గంతా కొట్టుకుపోయింది. ఇసుక వచ్చిన నాడు కొమురెల్లి టేపు తీశాడు.

"మళ్ల కొలవాలె అక్కా."

"జర కిందికి చూడు," అంది మైసమ్మ.

ఆమె తిరిగిన గదుల్లో నేల నున్నగా ఉంది. ఆమె ఎన్నడూ తొక్కని గోడల వెంబడే గడ్డి పచ్చగా, సన్నగా లేచింది. తూర్పున మూడడుగుల మేర మాత్రం గడ్డి లేదు.

కొమురెల్లి టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. గోడల వరుసకు కట్టే దారం తేవడానికి ఆ మూడడుగుల సందులోంచే బయటికి నడిచాడు.