కొండయ్య భుజం

నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే, రోడ్డు ఆగిపోయే చోట ఉంటుంది కొండయ్య ఊరు. ఆయనకి సొంత బోటు లేదు, పొలం లేదు, పెద్దమనిషి అనిపించుకునే పదవీ లేదు. ఉన్నదల్లా ఒక భుజం. పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఎవరైనా మునిగితే, ఒడ్డుకి లాగగానే కొండయ్యకి కబురు వెళ్ళేది. ఆయన వచ్చి, మనిషిని బోర్లా కుడి భుజం మీద వేసుకుని, తల వీపు వెనక్కి వేలాడేట్టు పట్టుకుని ఇసకలో పరిగెత్తేవాడు. కడుపు ఒత్తుకుని నీళ్ళు కక్కేవాళ్ళు. అలా బతికి బట్టకట్టి, ఇప్పుడు ఆయనతోనే వీధిలో పోట్లాడే ఘనులు ఆ ఊళ్ళో కొందరున్నారు. పెళ్ళి భోజనాల్లో మొదటి విస్తరి ఆయనకే వేసేవారు. ఆయన కూడా వద్దనేవాడు కాదు. పైగా ఆ భుజం గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పుకునేవాడు.

మొన్న వానాకాలంలో వేట నుంచి తిరిగొస్తున్న బోటుని మొగ దగ్గర అల తిప్పి కొట్టింది. బోటు అంచు పోతయ్య చెవి వెనక తగిలింది. పోతయ్య కొండయ్యకి స్వయానా మేనల్లుడు, ఒక్కగానొక్క కూతురు జ్యోతిర్మయికి మొగుడు. నీళ్ళలో పడ్డవాణ్ణి పక్కవాళ్ళు వెంటనే పైకి లాగారు. ఒడ్డున పడుకోబెట్టేసరికి ఊపిరి ఆడుతోంది, కడుపు ఉబ్బలేదు, చెవిలోంచి మాత్రం సన్నగా నెత్తురు కారుతోంది. కొండయ్య అదంతా చూశాడు. ఇది నీళ్ళు తాగిన కేసు కాదేమో అని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ చుట్టూ జనం "నువ్వుండగా భయమేంటి మావయ్యా" అంటున్నారు. కూతురు కాళ్ళు పట్టుకుని ఏడుస్తోంది. అంతమంది ముందు "నాకు తెలీదు" అనడానికి ఆయనకి నోరు రాలేదు. అల్లుణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తాడు. ఒక్క చుక్క నీరు బయటికి రాలేదు. ఎవరో ఆటో తెచ్చేదాకా పరిగెత్తుతూనే ఉన్నాడు.

అవనిగడ్డ ఆసుపత్రిలో చూసి తమవల్ల కాదన్నారు. అంబులెన్సులో గుడివాడ తీసుకెళ్ళారు. అక్కడి తలకాయ డాక్టరు షబానా గారిది బందరు. చిన్న వయసు. మాట మెత్తన గానీ దాపరికం లేని మనిషి. పోతయ్య పుర్రెకి చిన్న రంధ్రం చేసి, లోపలి ఒత్తిడి కొలిచే తీగ పెట్టింది. మణికట్టు దగ్గర బీపీ కొలిచే గొట్టం పెట్టింది. మంచం పక్కన తెర మీద రెండు గీతలు కదులుతూ ఉండేవి, పైది బీపీది, కిందిది తల లోపలి ఒత్తిడిది.

"ఆరోగ్యంగా ఉన్న మెదడు తనకెంత రక్తం కావాలో తనే చూసుకుంటుందండీ" అని తండ్రీకూతుళ్ళకి చెప్పింది. "ఒంట్లో బీపీ పెరిగితే తన రక్తనాళాల్ని బిగించుకుంటుంది, తగ్గితే వదులు చేసుకుంటుంది. దెబ్బ తగిలాక మీ అబ్బాయికి ఆ పట్టు పోయింది. అందుకే పై గీత పెరిగినప్పుడల్లా లోపలి గీత కూడా దాని వెంటే పెరుగుతోంది. ఆ పట్టు తిరిగొచ్చేదాకా మేం కాపలా కాయాలి."

"మంచం తలవైపు ఎందుకమ్మా అంత ఎత్తు పెట్టారు?" అనడిగాడు కొండయ్య.

"తల కిందికుంటే రక్తం వెనక్కి రాక లోపల ఒత్తిడి పెరుగుద్దండీ. ఇంతకీ దెబ్బ తగిలాక ఏం చేశారు?"

"ఆటోలో పడుకోబెట్టి తెచ్చామండీ" అన్నాడు. జ్యోతిర్మయి తండ్రి మొహంలోకి చూసింది.

ఆ రోజు నుంచి కొండయ్యకి ముద్ద దిగలేదు. లోపలికి పంపినప్పుడల్లా ఆ రెండు గీతల్నే చూసేవాడు. నర్సు గొంతులో కఫం తీస్తే పై గీత లేచేది, వెంటనే కింది గీతా లేచేది. తన భుజం మీద వేలాడిన తలే కళ్ళముందు కనిపించేది. నా చేతులతో నా కూతురి బతుకు ఆర్పేశానా అని కుమిలిపోయేవాడు.

వాపు కాస్త తగ్గాక ఒక ఉదయం డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిచింది. "ఇవాళ మందు పెంచి బీపీ కొద్దిగా పెంచుతాను. లోపలి గీత కదలకుండా ఉంటే మెదడు కోలుకుంటున్నట్టు" అని సిరంజి పంపు మీద చెయ్యి వేసింది.

"ఆగండమ్మా!" కొండయ్య అడ్డుపడ్డాడు. "మీకు చెప్పనిది ఒకటుంది. అది తెలీకుండా మందు పెంచితే ఏమవుద్దో."

చెప్పేశాడు. నెత్తురు చూడటం, అనుమానం రావడం, అయినా తలకిందులుగా మోసుకుని పరిగెత్తడం, ఏదీ దాచలేదు. జ్యోతిర్మయి మంచం పట్టీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అనుమానం వచ్చిందన్న సంగతి ఆ పిల్లకి అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ పంపు మీంచి చెయ్యి తీసింది. "మొదటిరోజే చెప్పాల్సింది. చెప్పినా నేను చేసే వైద్యం ఇదేలెండి. దెబ్బవల్ల ఎంత, మీవల్ల ఎంత అంటే నాకు తెలీదు. తెలుసంటే అబద్ధమవుద్ది" అని మందు పెంచింది.

పై గీత మెల్లగా లేచింది. కింది గీత ఎక్కడిదక్కడే ఉంది. పై గీత ఇంకా లేచింది. కింది గీత కదల్లేదు. డాక్టరమ్మ మొహం విచ్చుకుంది. జ్యోతిర్మయి భోరుమని ఏడ్చింది గానీ తండ్రి వైపు తిరగలేదు.

ఆ తర్వాత పోతయ్య కళ్ళు తెరిచాడు, మనుషుల్ని గుర్తుపట్టాడు. మాట నిదానం, ఎడమ కాలు ఇంకా సాయం రాదు. జ్యోతిర్మయి తండ్రికి అన్నం డబ్బా తెచ్చి బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయేది. పలకరింపు లేదు. కొండయ్య అడగనూ లేదు, అలగనూ లేదు.

ఊరికి తిరిగొచ్చిన రోజు వ్యాను చుట్టూ జనం మూగారు. "కొండయ్య మావయ్య భుజం తగలబట్టే బతికాడు" అన్నాడు బాబూరావు. వాడూ ఒకప్పుడు ఆ భుజం మీద నీళ్ళు కక్కినవాడే.

"కాదురా" అన్నాడు కొండయ్య, అందరికీ వినపడేట్టు. "నేను చేసింది తప్పు. తలకి దెబ్బ తగిలినోణ్ణి తలకిందులు చెయ్యకూడదంట. ఇంకెవర్నీ నా దగ్గరికి తేబాకండి, ఆసుపత్రికి తీసుకుపోండి."

"మరి మేమంతా బతకలేదా మావయ్యా?"

"నువ్వు నావల్ల బతికావో, నేనట్టా చేసినా బతికావో, నాకు తెలీదురా బాబూరావ్."

ఇన్నాళ్ళూ నమ్ముకున్న పేరుని నలుగురిలో తనే తీసి పక్కన పెట్టిన మనిషికి ఏం చెప్పి ఓదారుస్తారు? కొండయ్య గుంపు వెనక్కి తప్పుకున్నాడు.

పోతయ్యని దించడానికి నలుగురు ముందుకొచ్చారు. కాళ్ళ దగ్గర ఇద్దరు, నడుం దగ్గర ఒకరు. తల పట్టుకోబోయిన బాబూరావుని జ్యోతిర్మయి చేత్తో ఆపింది. గుంపులోకి చూసి పిలిచింది.

"నాన్నా, నువ్వు రా. తల నువ్వు పట్టుకో."

కొండయ్య రెండు చేతులూ తువ్వాలుకి తుడుచుకుని ముందుకొచ్చాడు.