చెంచులక్ష్మి అవ్వ దగ్గర కుదువ పెట్టిన భూతద్దం

సీతారామపురం దాటాక బస్సుకు ఆఖరి ఊరు మాది. బస్సు ఆగేచోట, ఎదురుగా కనిపించేది చెంచులక్ష్మి అవ్వ ఇల్లు. పొద్దున వచ్చిన బస్సు తిరిగి ఉదయగిరి వెళ్లిపోతే మళ్లీ సాయంత్రమే. అందుకే యూనివర్సిటీ నుంచి ప్రాజెక్టు పనిమీద వచ్చే పిల్లలందరూ ఆ వసారాలోనే కూర్చుంటారు. చెరువులో నీళ్లున్నప్పుడు అవ్వ చేపలు పడుతుంది, లేనప్పుడు కూలికి పోతుంది. ఇంట్లో ఉన్న రోజున మాత్రం వాళ్లు అడిగినవన్నీ ఓపిగ్గా చెబుతుంది.

చెప్పి, కుదువ పట్టుకుంటుంది.

ఈ అలవాటు వినోద్ అనే అబ్బాయితో మొదలైంది. చేపల మీద చదువుతున్నాడు. అవ్వ పట్టిన జెల్ల చేపలు కొన్ని సీసాలో వేసుకుని, వాటి కడుపులో ఏముందో చూస్తానన్నాడు.

"చూసి?" అంది అవ్వ.

"రాసుకుంటాను అవ్వా."

"నువ్వు రాసుకుంటే నాకెట్టా తెలిసేది? ఆ టోపీ ఇట్టా పెట్టు. వచ్చి చెప్పి తీసకపో."

అతను నవ్వుకుంటూ ఇచ్చాడు. కొన్నాళ్లకు నిజంగానే వచ్చి, చేపలు నత్తపిల్లల్ని తిన్నాయని చెప్పి టోపీ పట్టుకెళ్లాడు. తర్వాత పాటలు రికార్డు చేసుకున్న తెలుగు ఎమ్మే అమ్మాయి, అవ్వ పాడిన నాట్ల పాటే చేజర్లలోనూ పాడుతున్నారని చెప్పి తన చున్నీ విడిపించుకుంది.

"మా అత్త కట్టిన పాట అంత దూరం ఎట్టా పోయిందబ్బా" అని అవ్వ కనపడిన వాళ్లనల్లా అడిగింది. శాసనాలు వెతుక్కుంటూ వచ్చినతని గొడుగు మాత్రం ఇంకా చూరుకే వేలాడుతోంది.

గోపిక వచ్చింది ఎండలు ముదరకముందు. జియాలజీ చదువుతోంది. అవ్వ ఇంటి ముందున్న చేతిపంపు నీళ్లు సీసాలో పట్టుకుంది, ఫ్లోరైడ్ ఎంతుందో చూడడానికి. మా వీధిలో పెద్దవాళ్ల పళ్లన్నీ గోధుమరంగు చారలే. నేనూ నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటాను.

అవ్వ తన మనవరాలు దుర్గను ముందుకు లాగింది. "దీనికింకా పాలపళ్లే ఉండాయి. ఆ నీళ్లు తాపొచ్చో కూడదో నాకు చెప్పాల. ఏం పెట్టిపోతావు?"

గోపిక రాళ్లు చూసుకునే భూతద్దం పెట్టిపోయింది.

జవాబు వచ్చేదాకా పిల్లకు పంపు నీళ్లు వద్దనుకుంది అవ్వ. చెరువు అవతల రత్తయ్య చేనిలో ఉన్న బావి నుంచి రోజూ బిందె మోసింది. ఎండలు ముదిరాయి. మోకాళ్లు పట్టేశాయి. గోపిక రాలేదు. దుర్గ ఆ భూతద్దంతో చీమల్ని చూసింది, జొన్నగింజల్ని చూసింది, నా పళ్లు చూస్తానని నా వెంట పడింది.

చివరికి ఫోన్ చెయ్యమని అవ్వ నన్నడిగింది. బడి మధ్యలో ఆపేసినదాన్ని, యూనివర్సిటీ అమ్మాయితో ఏం మాట్లాడాలో తెలియక, ఆమె రాసిచ్చిపోయిన నంబరు నొక్కి అవ్వ చేతికిచ్చేశాను.

 గోపిక జరిగింది చెప్పింది. ఐసుపెట్టెలో తడిసి సీసాల మీద రాసిన పేర్లు చెరిగిపోయాయట. వరికుంటపాడులో పట్టిన నీళ్లేవో మావేవో తేలలేదట. "మీకు మొహం చూపించలేక రాలేదవ్వా."

"నీ మొహం నాకెందుకు పాపా. ఇంకో సీసా తీసకరా."

వచ్చింది. ఈసారి పేరు మీద టేపు చుట్టింది. "బాయి నీళ్లు కూడా పట్టు. నేను మోసేది అవే గదా" అంది అవ్వ. రెండు సీసాలు వెళ్లాయి.

జవాబు చెప్పడానికి గోపిక మళ్లీ బస్సు దిగిన రోజున, అవ్వ దుర్గను ఒళ్లో కూర్చోబెట్టుకుని వింది. పంపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుంది, పిల్లకు తాపకూడదు. బావి నీళ్లలో తక్కువే, కాచి తాపొచ్చు.

అవ్వ ఊపిరి వదిలి, పిల్ల తల నిమిరింది. లోపలికెళ్లి భూతద్దం తెచ్చింది. గోపిక చెయ్యి చాచింది.

"ఉండు పాపా. చెరువుకి ఈపక్క చెడ్డవి, ఆపక్క మంచివి. భూమిలో అట్టా ఎందుకుండాది?"

"అది ఇంకో ప్రాజెక్టు అవ్వా."

"అయితే దానికి ఇది కుదువ."

గోపిక నాకేసి చూసింది. నేను చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచి నవ్వేశాను.

సాయంత్రం బస్సుకు ఇంకా చాలా పొద్దుంది. గోపిక బావి పక్క రాళ్లు చూస్తానని బయలుదేరింది. భూతద్దం లేకుండా ఏం చూస్తుందని అవ్వ కూడా లేచి వెంట నడిచింది, దాన్ని తన చేతిలోనే పట్టుకుని.