బ్యాంకాక్‌లో మా పెద్దాయన దాహం

థాయ్‌లాండ్ చూసొచ్చామని కెనడాలో మా ఊరు కనాటాలో మావాళ్లు చెప్పుకుంటుంటే నాకు నవ్వాగదు. చూసిందేమిటట? రైస్ కుక్కర్‌లో ఉడికిన సోనా మసూరి, ఆవకాయ, హోటల్ గది గోడలు. మార్చి సెలవుల్లో నాలుగు కుటుంబాలం కలిసి వెళ్లాం. మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద అయిన అంకుల్ మా నాయకుడు. ఆయన టెలికాం కంపెనీలో మేనేజరు. ఆఫీసులో చెల్లని పెత్తనమంతా ఆదివారం మా మీద చెలాయిస్తారు.

ఆ పెత్తనం నా గుమ్మం దాకా ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మా పక్కింట్లో కరీంనగర్ అక్క ఉంటుంది. మా ఆయన ఊళ్లో లేనప్పుడు నాకు నొప్పులొస్తే, మంచు తుఫానులో కారు నడిపి ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆవిడే. శుక్రవారం పూజ చేసుకుని పరమాన్నమో పులిహోరో స్టీలు గిన్నెలో తెచ్చిచ్చేది. లొట్టలేసుకుంటూ తినేవాళ్లం. ఒకసారి మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగినప్పుడు అంకుల్ ఆ గిన్నె చూసి, ఎక్కడిదని అడిగారు. ఇక విగ్రహార్పితం తినేవాళ్ల గతేమిటో, టీలు చల్లారిపోయేదాకా ప్రసంగం. ఆయన ముందు మా ఆయనకు నోట్లో నాలుక ఉండదు. మరుసటి వారం అక్కను గుమ్మంలోనే నిలబెట్టి, మేం ప్రసాదాలు తినకూడదండీ, ఇక తేవద్దు అనేశాడు. అక్క ‘అట్లనే’ అని గిన్నెతో వెనక్కి వెళ్లిపోయింది. అప్పట్నుంచి డ్రైవ్‌వేలో మంచు తోస్తూ ఎదురుపడితే తలూపడం, అంతే. నాకు ఆవిడ మళ్లీ కావాలి. ఏ ముఖం పెట్టుకుని పిలవను?

ఆ మంట కడుపులో పెట్టుకునే విమానం ఎక్కాను.

బ్యాంకాక్‌లో రోడ్డు పక్కన ఒకామె పచ్చి బొప్పాయి కోరు, పచ్చిమిరపకాయలు, ఎండురొయ్యలు రోట్లో వేసి దంచుతోంది. ఆ చప్పుడుకే నాకు నోరూరింది. మా ఆంటీలు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ఎండురొయ్యల కంపట! బందరులో పుట్టి, ఎండురొయ్యల కూర లేనిదే ముద్ద దిగని ప్రాణాలు అవి. కెనడా పాస్‌పోర్టు వచ్చాక ముక్కులు కూడా మారతాయని నాకు అప్పుడే తెలిసింది. వాళ్లను పొమ్మని, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని జిగురన్నంతో తిన్నాను. పులుపు, ఉప్పు, కారం, తీపి ఒక్కసారే తగిలి కళ్లలో నీళ్లొచ్చాయి. మా కనాటాలో థాయ్ పేరు చెప్పి అమ్మేది కెచప్ కలిపిన సేమ్యా.

ఇక రాత్రి వేడుకల సంగతి. మగాళ్లందరినీ వెంటేసుకుని అంకుల్ ఆ రంగు దీపాల వీధి చూడటానికి బయల్దేరారు. లోకం ఎంత పాడైందో కళ్లారా చూస్తేనే దాని కోసం ప్రార్థించగలమట. ఒకసారి చూస్తే సరిగ్గా తెలియలేదేమో, మర్నాడూ వెళ్లారు. నేను రాత్రి బజారులో తిరిగాను. అక్కడ ముసలమ్మలు స్పీకరు పెట్టుకుని, చెప్పులు పక్కన విడిచి హాయిగా ఆడుతున్నారు. వాళ్ల కోసం ఎవరూ ప్రార్థించనక్కర్లేదనిపించింది.

మా హోటల్ ముందు, స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి ఒకటి ఉంది. దానికి పూలదండలు, ముందు అగరొత్తులు, స్ట్రాలు వేసిన ఎర్ర కూల్‌డ్రింకు సీసాలు. ఒక మధ్యాహ్నం ఎండలో పడి తిరిగొచ్చిన అంకుల్ వాటిని చూసి, వెల్‌కమ్ డ్రింక్ పెట్టారంటూ ఒకటి అందుకుని చివరిదాకా పీల్చేశారు. ఆంటీ ఫొటో కూడా తీసింది. హోటల్ వాచ్‌మన్ చేతులు జోడించి తల దించుకున్నాడు. లోపల కౌంటర్లో అమ్మాయిని అడిగితే, అది ఆ స్థలాన్ని కాచే దేవతకు పెట్టిందని చెప్పింది. మా ఆయనకు చెబితే, ఎవరితోనూ అనకు అన్నాడు.

అననా మరి? కనాటాకి తిరిగొచ్చాక అంకుల్ ఇంట్లో అందరికీ భోజనాలు పెట్టి, టీవీలో ఫొటోలు వేశారు. విగ్రహాల దేశంలో అన్ని రోజులున్నా అపవిత్రమైన మెతుకు ఒక్కటి కూడా నోట్లోకి పోలేదని చెబుతుండగానే ఎర్ర సీసా ఫొటో వచ్చింది. హోటల్ వాళ్ల మర్యాద చూడండి అన్నారు.

“అది వెల్‌కమ్ డ్రింక్ కాదంకుల్. వెనకాల గుడిలో దేవతకి నైవేద్యం పెట్టింది,” అన్నాను.

అంకుల్ కొంచెం దగ్గి, “తెలీక తాగితే దోషం లేదమ్మా. ఆరా తీయకుండా తినమని వాక్యమే చెప్తోంది,” అన్నారు.

ఆ వాక్యం మా ఇంట్లో స్టీలు గిన్నె చూసిన రోజు ఎక్కడికి పోయింది? ఆయన బైబిల్లో పేజీలు కూడా ఆయన దాహాన్ని బట్టే తెరుచుకుంటాయి కాబోలు. మా ఆయన తన ప్లేటు వంక చూస్తూ కూర్చున్నాడు.

ఆ వచ్చే శుక్రవారం అక్క తలుపు కొట్టాను. బ్యాంకాక్ నుంచి తెచ్చిన తాటిబెల్లం చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాను. కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. తర్వాత నవ్వాపి నెమ్మదిగా అంది:

“నీకిచ్చేది నేనెన్నడూ దేవునికి పెట్టలె. మీకు పట్టింపని నాకు ఎర్కనే గదా. నైవేద్యం పెట్టకముందే నీ గిన్నె వేరే తీసి పెడుతుంటి.”

మేం తిన్నది ప్రసాదమే కాదు. మా కోసం తన దేవుణ్ణి ఆగమన్న మనిషిని గుమ్మంలోంచి పంపేశాం. మా సంఘం మొత్తంలో విగ్రహార్పితం రుచి తెలిసినవాడు అంకుల్ ఒక్కడే.

వంటింట్లోంచి యాలకుల వాసన వస్తోంది. అక్క ఒకసారి అటు చూసి, నా వైపు తిరిగింది.

“నువ్వొస్తవని అనుకోలె. ఇయ్యాల వేరే తియ్యలేదు. దేవునికి పెట్టిందే ఉంది,” అంది.

“అదే పెట్టక్కా,” అన్నాను.