సాకమ్మ ముక్కు

పాపారపట్టి చుట్టుపక్కల పట్టుపురుగుల షెడ్లు కడిగేది సాకమ్మే. పట్టుగూళ్లు సంతకు పోయిన మరునాడు వచ్చి, కొంగు నోటికి చుట్టుకుని, తలుపులు మూసి బ్లీచింగ్ నీళ్లు గోడలకు కొడుతుంది. పురుగులకు జబ్బులు రాకుండా ఆ ఏర్పాటు. ఆమెకు కొలతలు తెలియవు. ముక్కు చురుక్కుమంటే మందు చాలినట్టు. ఇరవై ఏళ్లుగా ఆ ముక్కు తప్పలేదు. ఈసారి పది రోజుల జ్వరం, దగ్గు పూర్తిగా తగ్గకముందే గోవిందరాజప్ప షెడ్డుకు వచ్చింది. ఎంత కలిపినా ఘాటు తెలియలేదు. "మందులో సత్తువ లేదు గోవిందరాజప్పా" అంటూ ఇంకో మూడు దోసిళ్లు పోసింది.

"నీకే సత్తువ లేదక్కా. గొంతు గరగరమంటా ఉండాది. రెండు దినాలు ఆగు."

"ఎల్లుండికి కొత్త పురుగులొస్తాయి కదా" అని తలుపు మూసుకుంది. కాసేపటికి పాక్కుంటూ బయటికొచ్చింది. జ్వరంతో పుండైన ఊపిరితిత్తులు ఆ గాలికి తట్టుకోలేకపోయాయన్నాడు డాక్టరు.

పదిహేను రోజుల తర్వాత, నాలుగు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ, షెడ్డు దాకా నడిచింది. లోపల పురుగులు నిగనిగలాడుతున్నాయి.

"ఒక్కటీ చావలేదక్కా" అన్నాడు గోవిందరాజప్ప, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "లోపలికి మాత్రం రావద్దు. దగ్గుతా ఉండావు, పురుగులకు పడదు."