ఒంటి రింగు కోచ్

నిండు గ్రౌండులో, రెండు కాలేజీల పిల్లలు చూస్తుండగా, సొంత జట్టును ఓడించడానికి గొంతు చించుకుని అరిచిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇలా వచ్చి కూర్చోండి. ఆ మనిషిని నేనే. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు. బుద్ధి రావడానికి ఇంకా చాలా టైముంది.

ఎనభైల నాటి మాట. నారాయణఖేడ్‌లో అప్పుడొక చిన్న ప్రైవేటు కాలేజీ ఉండేది, ఇప్పుడు లేదు. అందులో నేను అటెండర్ని. బడిలో చదివింది నాలుగో తరగతి. మిగతా చదువంతా కిరాణా పొట్లాల మీద, బస్టాండు గోడల మీద, ఎవరో పారేసిన పుస్తకాల్లో నాకు నేనే చదువుకున్నాను. అలా చదివినవాడికి ఒక జబ్బుంటుంది. తెలిసిందంతా తానే కనిపెట్టినట్టు, తెలియనిది అసలు లోకంలోనే లేనట్టు తిరుగుతాడు. నాకా జబ్బు బాగా ముదిరింది.

ఆ కాలేజీకి ఒక పెద్దమనిషి బాస్కెట్‌బాల్ స్తంభం దానం చేశాడు. ఒకటే స్తంభం, ఒకటే రింగు. రెండోది ఎప్పుడిస్తారని అడిగితే, "ముందు దీన్ని అరగదీయుండ్రి" అన్నాడట. ఆట నేర్పే సారు లేడు. సరిగ్గా అప్పుడే చిత్తుకాగితాల దుకాణంలో నాకు ఆ ఆట నియమాల పుస్తకం దొరికింది. మధ్యలో నాలుగైదు కాగితాలు లేవు. పోయినవాటిలో బొమ్మలుండి ఉంటాయిలే అనుకున్నాను. వారం తిరక్కుండా నేనే కోచ్‌నైపోయాను. ఇకమీదట నన్ను "సార్" అనాలని పిల్లలకు హుకుం జారీ చేశాను. "సరే అన్నా" అన్నారు.

ఏడాది గడిచాక ప్రిన్సిపాల్ సారు పిలిచాడు.

"నర్సింలూ, సంగారెడ్డి కాలేజోళ్లు మ్యాచ్‌కు పిలుస్తుండ్రు. గెలిస్తే టీం ఉంటది. ఓడినవనుకో, ఇగ టీం బంద్. ఆ స్తంభానికి నా బర్రెను కట్టేస్త."

"గెలుస్తం సార్. గని ఒక్క పొడుగు పోరడు కావాలె."

ఆ పొడుగు పోరడు సిర్గాపూర్‌లో దొరికాడు. పేరు బషీర్. మేనమామ ఇంట్లో ఉండి సంగారెడ్డి జూనియర్ కాలేజీలో చదివాడు. రెండేళ్లూ అక్కడి జట్టులో ఆడాడు. ఇంటర్ పాసై ఇంటికొచ్చి, తండ్రి కుట్టు మిషను పక్కన గుండీలు కుడుతున్నాడు. కూర్చుంటే మోకాళ్లు చెవులకు తగులుతున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

తండ్రి మాత్రం మిషను ఆపలేదు. "ఆడితే ఏమొస్తది?"

"ఆడుకుంట డిగ్రీ సదువుతడు, భాయ్."

"సదివితే ఏమొస్తది?"

నేను జేబులోంచి నియమాల పుస్తకం తీసి తిరగేశాను. ఆయనకే జాలేసినట్టుంది.

"సరే, తీస్కపో. మీ టీం ఉన్నన్ని దినాలు సదువుకోని. బంద్ అయిన తెల్లారే హైదరాబాద్‌ల మా బావ ఇనుప కార్ఖానకు పంపుత. ఖుదా కసమ్, ఒక్క రోజు ఆగ."

బషీర్ తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇక మ్యాచ్ ఓడితే పోయేది నా పరువొక్కటే కాదు, వాడి చదువు కూడా.

టీసీ తెప్పించి చేర్పించాను. మా సాధన ఎలా ఉండేదంటే, రెండు జట్లుగా విడిపోయి అందరూ అదే రింగులో వేసేవాళ్లు. ఒకే బావి దగ్గర రెండు వాడల వాళ్లు బొక్కెన కోసం గుంజుకున్నట్టుండేది. మొదటి రోజే బషీర్ నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మ్యాచ్‌ల సగం ఆట అయినంక..."

"సగం ఆట అయినంక నీళ్లు తాగాలె. అంతే."

"అది గాదన్నా, రింగు..."

"కోచ్ నువ్వా, నేనా? పది చుట్లు ఉరుకు!"

పాపం, ఉరికాడు. మర్నాడు మళ్లీ నోరు తెరవబోయాడు. ఇరవై చుట్లు ఉరికించాను. మూడో రోజు నుంచి వాడు నాతో ఆట గురించి మాట్లాడనే లేదు. క్రమశిక్షణ అంటే ఇదీ అని నా భుజం నేనే తట్టుకున్నాను.

మ్యాచ్ రోజు వచ్చింది. సంగారెడ్డి గ్రౌండులో రెండు స్తంభాలూ చూసి మా పిల్లలు పెళ్లికొచ్చినట్టు మురిసిపోయారు. అవతలి జట్టులో ఇద్దరు బషీర్ పాత దోస్తులు. వచ్చీ రాగానే వాడిని కౌగిలించుకున్నారు. నాకు చిన్న అనుమానం పుట్టింది. అయినా సగం ఆట అయ్యేసరికి ఆరు పాయింట్లు ముందున్నాం. అందులో ముప్పాతిక బషీర్ వేసినవే. ప్రిన్సిపాల్ సారు నాకు తన ఫ్లాస్కులో చాయ్ పోసిచ్చాడు. ఆ చాయ్ అక్కడితో తాగి ఊరుకున్నా బాగుండేది.

విజిల్ మోగింది. బంతి దొరకగానే బషీర్ తిన్నగా అవతలి రింగు వైపు పరిగెత్తాడు.

"బషీర్! అటేంది? మన రింగు ఇటు!" అని అరిచాను. "మాణిక్, గుంజుకో వాని చేతుల నుంచి!"

మాణిక్ మా కెప్టెన్. నేను దూకమంటే దూకి, తర్వాత ఎక్కడికని అడిగే రకం. తన జట్టువాడి చేతుల్లోంచి బంతి లాక్కుని వచ్చి, నేను చూపించిన రింగులో అందంగా వేశాడు. నేను ఎగిరి గంతేశాను. అవతలి జట్టు కూడా చప్పట్లు కొట్టింది. ఎంత మంచి మనసున్న పిల్లలో అనుకున్నాను. ఆ రెండు పాయింట్లూ వాళ్ల లెక్కలో రాశారు. "కండ్లు కనవడ్తలేవా?" అని రాసేవాడి మీద విరుచుకుపడ్డాను. ఈలోగా మాణిక్ మరోటి వేశాడు. మా ఆధిక్యం రెండుకు పడిపోయింది.

మూడోసారి మాణిక్ వేయబోతే బషీర్ అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపాడు. సొంత కెప్టెన్‌నే ఆపుతున్నాడు! నా అనుమానం పుండులా పగిలింది. గ్రౌండులోకి ఉరికి వాడి బనీను పట్టుకున్నాను.

"నమక్‌హరామ్! దోస్తుల కోసం మమ్ముల అమ్ముకుంటవా?"

వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "సగం ఆట అయినంక రింగులు మార్తయన్నా. గదే చెప్పబోతే నువ్వు ఉరికించినవ్."

రిఫరీ వచ్చాడు. "ఎవరయ్యా నువ్వు?"

"కోచ్‌ను. నా పుస్తకంల ఎక్కడ లేదు, రింగులు మార్తయని!"

"ఏదీ పుస్తకం?"

ఇచ్చాను. తిప్పి చూశాడు. "పన్నెండు తర్వాత ఇరవై ఒకటో పేజీ ఉంది. నడుమ ఉన్నది ఏ మేక మేసింది?"

గ్రౌండంతా గొల్లున నవ్వింది. నన్ను గేటు బయటికి పంపి గొళ్లెం పెట్టారు.

నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. సగం దాకా మనదైన ఇల్లు, నీళ్లు తాగి వచ్చేసరికి పక్కవాడిదెలా అవుతుంది? మీరే చెప్పండి. కానీ అప్పుడు న్యాయం ఆలోచించే తీరిక ఎక్కడిది? లోపల కేకలు వినిపిస్తున్నాయి. వేసిందెవరో తెలియదు. బషీర్ హైదరాబాద్ కార్ఖానలో ఇనుము మోస్తున్నట్టు కళ్లకు కడుతోంది.

గోడ పక్కన చెరుకు మోపులతో ఒక ఒంటెద్దు బండి ఆగి ఉంది. దాని మీద కూర్చున్న ముసలాయనకు లోపలంతా కనిపిస్తోంది.

"తాతా, ఎవరేసిండ్రు?"

"పొడుగు పోరడు."

"ఏ రింగుల?"

"గిన్ని సవాల్లేందిరా? రింగుల ఏసిండు!"

"ఇటుదా, అటుదా?"

"అటుది. అగో, మళ్ల ఏసిండు! ఎర్ర బనీనోళ్లు వాన్ని మీదికెత్తి ఎగురుతుండ్రు."

ఎర్ర బనీన్లు మావే. నేను ఆ ఎద్దు మెడ పట్టుకుని ఏడ్చేశాను. అది ఓపిగ్గా నిలబడింది.

గేటు తెరుచుకుంది. బషీర్ ముందుగా నా దగ్గరికే వచ్చాడు. తల ఎత్తలేక, "ఎన్ని చుట్లు ఉరకమంటవ్ రా నన్ను?" అన్నాను.

"రేపు చెప్త, సార్" అన్నాడు. నన్ను సార్ అన్నది ఆ ఒక్కసారే.

టీం నిలిచింది. బషీర్ మూడేళ్లూ చదివి డిగ్రీ పాసయ్యాడు. నా ఉద్యోగమూ, కోచ్ పదవీ కూడా నిలిచాయి. కాకపోతే ఆ తర్వాతి మ్యాచ్‌లో సగం ఆట కాగానే మాణిక్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నడువన్నా."

"ఏడికిరా?"

"బయటికి. పోయినసారి నువ్వు బయటికి వోయినంకనే గెలిచినం."

ప్రిన్సిపాల్ సారు వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూశాడు.

అలా ఆరేళ్లు కోచ్‌గా ఉండి, ఏ మ్యాచ్‌లోనూ రెండో సగం చూడని మనిషిని ఈ భూమ్మీద నేనొక్కడినే. అందుకే నిండు మనసుతో ఒట్టు పెట్టుకున్నాను: సగం ఆట అయ్యాక, ఎవరు ఏ రింగు వైపు పరిగెత్తినా, జన్మలో నోరు తెరవను. తెరిచినా ఫరవాలేదు లెండి, గేటు గొళ్లెం గట్టిదే.