తాళం చూసి కొట్టేసిన ఓట్లు

ఒక వీధి వీధినే పట్టపగలు, ఒక్క పెన్నుతో ఖాళీ చేయించిన ఘనుడిని నేను. గనుల ఊళ్లో ఉద్యోగం కాబట్టి ఘనుడినని చెప్పుకుంటున్నాను గానీ, సరైన మాట మూర్ఖుడు.

కోలారు బంగారు గనులు మూతపడిన చాలా ఏళ్లకు కేజీఎఫ్‌లో ఒక బడికి పంతులుగా వచ్చాను. పాఠాలతో పాటు ఓటర్ల జాబితా కూడా నా నెత్తిన పడింది. ఆ పని చేసేవాణ్ని బీఎల్వో, అంటే బూత్ స్థాయి అధికారి, అంటారు. ఇల్లిల్లూ తిరిగి ఎవరున్నారు, ఎవరు చనిపోయారు, ఎవరు ఊరు మారారు అని రాసుకోవాలి. బడి వెనక ఒక లైను ఉండేది. గని కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన, ఒకదాని గోడ ఒకటి పంచుకున్న రేకుల ఇళ్ల వరసను ఇక్కడ లైను అంటారు. ఒక మధ్యాహ్నం జాబితా పట్టుకుని పోయాను. ఏ తలుపు చూసినా తాళం. రెండు రోజులాగి మళ్లీ పోయాను. అవే తాళాలు.

మాది బైరకూరు దగ్గర పల్లె. అక్కడ రాగిచేనుకు పోయినా, డెయిరీకి పాలు పోయడానికి పోయినా తలుపు ఊరికే దగ్గరికి లాగుతారు. ఇంట్లో ఒక అవ్వయినా మిగిలి ఉంటుంది. తాళం పడిందంటే ఆ కుటుంబం ఊరు వదిలిందనే లెక్క. ఆ పల్లె తెలివితోనే నేను లైను ఈ కొస నుంచి ఆ కొస దాకా ‘షిఫ్టెడ్’, అంటే ఊరు మారారని, రాసుకుంటూ పోయాను. నియమం ప్రకారం నోటీసులు కూడా తలుపు సందుల్లోంచి లోపలికి జార్చాను. అవి స్నానాల నీళ్లు కాచే పొయ్యిలో చక్కగా మండాయని తర్వాత విన్నాను. గనుల కాలంలో ఆ లైను మగవాళ్లు మూడు షిఫ్టులు చేసేవాళ్లట. నాలుగోది నేను చేయించాను.

నాకు తెలియని సంగతి ఒకటే. తెల్లవారకముందే మారికుప్పంలో బయలుదేరే రైలు ఆ లైనును మొత్తం ఎక్కించుకుని బెంగుళూరు తీసుకుపోతుంది. మగవాళ్లు సెక్యూరిటీ పనికి, ఆడవాళ్లు గార్మెంట్స్‌కు. అందరూ తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది.

ఓటు రోజు సెలవు. బడి ముందు షామియానా కింద నేను జాబితా పెట్టుకుని కూర్చున్నాను. లైనంతా తలదువ్వుకుని, ఇస్త్రీ బట్టలతో కదిలి వచ్చింది. అక్కడ అంతమంది ఉన్నారని నాకు తెలియడం అదే మొదలు. అందరికంటే ముందు ఒక పెద్దావిడ, గని కార్మికుడి భార్య, చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చింది. మొగుడు పోయాక ఆండర్సన్‌పేటలో ఒక ఇంట్లో వంట చేసేది. అందుకే ఆమె తలుపుకూ పగలు తాళమే.

జాబితా రెండుసార్లు తిరగేశాను. ఆమె పేరు మీద అడ్డగీత. గీసింది నేనే.

“మీరు ఊరు మారినట్టు ఉందమ్మా...” అన్నాను.

“నేను యాడికి పోయినానప్పా? ఈడనే ఉండాను గదా!” అంది. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

వెనక నుంచి ఆమె కొడుకు అందుకున్నాడు. బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ అతను. “మా, నువ్వు పోయినావంట. నేనూ పోయినానంట. ఇంగ ఇంటికి పోయి మనకు మనమే అన్నం పెట్టుకుని ఏడుద్దాం రా!”

లైనంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. షామియానా గుంజ పట్టుకుని, “పెండ్లయి ఈ లైనుకు వచ్చినప్పటి నుంచి ఒక్క ఓటూ వదల్లేదు సార్. వచ్చేసారికి ఉంటానో లేదో” అని వెళ్లిపోయింది.

ఆ ఆదివారం క్షమాపణ చెప్పుకోవడానికి వాళ్లింటికి పోయాను. టీ ఇచ్చింది. తిట్టలేదు. తన ఓట్ల చరిత్రంతా చెప్పింది. గనులు నడిచే రోజుల్లో రాత్రి షిఫ్టు దిగిన మగవాళ్లు ఒళ్లు కూడా కడుక్కోకుండా వరసలో నిలబడేవాళ్లట. ప్రచారం మైకులు తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి. ఏది ఎవరిదో తెలియక అందరూ అన్నింటికీ చప్పట్లు కొట్టేవాళ్లట. గనులు మూశాక వచ్చిన మొదటి ఎన్నికల్లో మళ్లీ తెరుస్తామని చెబితే, ఆమె మొగుడు పరుపు కింద నుంచి హెల్మెట్ తీసి తుడిచి పెట్టుకున్నాడట. రెండో ఎన్నికల్లోనూ అదే మాట. ఈసారి హెల్మెట్ కదల్లేదు. మూడోసారికి లైనువాళ్లు గని సంగతే ఎత్తకుండా రైలుకు ఇంకో పెట్టె అడిగారట. ఆ తర్వాత నుంచి నీళ్లు. “అడిగేది చిన్నదవుతా వచ్చినా, ఓటు మాత్రం పెద్దదేనప్పా. ఆ పొద్దు మమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు” అంది. ఆ పిలుపునే నేను కొట్టేశాను.

ఆమె ఊరుకున్నా కొడుకు ఊరుకోలేదు. నాకు ‘తాళం సార్’ అని నామకరణం చేశాడు. టీ అంగడి దగ్గర కనబడితే చాలు, నలుగురి ముందు చెయ్యి చాచేవాడు. “సార్, నాడి పట్టి చూడండప్పా. ఉండానా, పోయినానా? మీరు రాస్తేనే నాకు నమ్మకం!” బడి పిల్లలు కూడా హాజరు పిలిస్తే “ఉండాను సార్, కొట్టేయొద్దు” అనేవాళ్లు.

ఏడాది తిరక్కముందే ఇంకో ఎన్నిక వస్తుందని తెలిసింది. పేర్లు చేర్చడానికి గడువు కొద్దిరోజులే. పెద్దావిడ ఫారం ముందే ఆమె వంట చేసే ఇంటికి పోయి రాయించుకున్నాను. మిగతా లైను కోసం బడికి సెలవు పెట్టి, ఫారాల కట్టతో ఆ రైలే ఎక్కాను. నిద్రపోయేవాళ్లను లేపాను, పేకాట మధ్యలో సంతకాలు పెట్టించాను, పూలు కట్టే ఆడవాళ్ల చేతులు ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాను. బంగారుపేట దాటేసరికి పెట్టె పెట్టెంతా “తాళం సార్ వచ్చినాడు, లేవండప్పా” అన్న కేక పాకిపోయింది.

సెక్యూరిటీ అతను కిటికీకి తల ఆనించి గురక పెడుతున్నాడు. లేపి ఫారం రాయించాను.

“ఫొటో?” అన్నాను.

“ఇంట్లో ఉండాది. ఆదివారం రండి, ఇస్తాను.”

“గడువు ఈ రోజే. నా ఫోనులో తీస్తాను. అట్లే కూర్చోండి.”

రెండు తీశాను. మొదటిది అతను పెద్దగా ఆవలిస్తుండగా పడింది. రెండోదానికి మీసం దువ్వుకుని, గేటు దగ్గర నిలబడ్డంత నిటారుగా కూర్చున్నాడు. చక్కని ఫొటో.

ఎన్నిక రోజు పెద్దావిడ మళ్లీ ఆ తెల్లచీరలోనే, అందరికంటే ముందు వచ్చింది. ఆమె చీటీ నేనే రాసి చేతికిచ్చాను. లోపల ఆమె పేరు గట్టిగా చదివారు. షామియానా దాకా వినిపించింది. బయటికి వచ్చి, సిరా వేలు నా ముఖం ముందు పెట్టి, “ఈడనే ఉండాను సార్” అని నవ్వింది.

తర్వాత ఆమె కొడుకు లోపలికి పోతే, నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. అధికారి జాబితాలో ఫొటో చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. పక్కన కూర్చున్న పార్టీ ఏజెంటు, అతనూ లైనువాడే, లేచి, జాబితా మీదికి వంగి, “సార్, ఈయప్పను ఒకసారి ఆవలించమనండి, అప్పుడు తెలిసిపోతాది” అన్నాడు. వరసలో నవ్వు మొదలై వీధి దాకా వచ్చింది. నేను పంపింది మొదటి ఫొటోనే.