మెత్తగా తన్నే తూటా

రోజమ్మ భుజం పాడైంది తుపాకీ వల్ల కాదు, మనుషుల వల్ల. కేర్ హోముల్లో ఏళ్ళ తరబడి ముసలివాళ్ళను మంచం మీంచి లేపి, తిప్పి, కూర్చోబెట్టి కుడి భుజాన్ని అరగదీసుకుంది. ఇప్పుడు ఎడిన్‌బర్గ్‌కి దక్షిణాన, కొండల మధ్య ఊళ్ళు తిరుగుతూ పుళ్ళకు కట్లు కట్టే నర్సు. చీరాల మనిషి. ఏ ఇంటికి వెళ్ళినా టీ తాగందే కదలదు, తాగినంతసేపూ నోరు మూయదు.

అలా కట్టు కట్టించుకున్న ఒక ముసలి రైతే ఆమెకు వేట నేర్పాడు. ఈ దేశంలో పులి లేదు, తోడేలు లేదు. జింకలు పుట్టలు పుట్టలుగా పెరిగి, నాటిన ప్రతి మొక్కనూ కొరికేసి, చలికాలం తిండి లేక చస్తాయి. వాటిని తగ్గించే పని మనిషి మీదే పడింది. ‘ఆకలితో చచ్చే కన్నా ఒక్క దెబ్బతో పోవడం మేలు కదా’ అన్నాడాయన. రోజమ్మకు ఆ మాట తలకెక్కింది. ఎక్కితే ఇక దిగుతుందా! వేటగాళ్ళ పరీక్ష పాసై, పోలీసుల దగ్గర లైసెన్సు తెచ్చుకుని, రైఫిల్ కొనుక్కుంది. తెలుగు ఫెలోషిప్ వాళ్ళ క్రిస్మస్ భోజనాల్లో ఆమె తెచ్చే జింక మాంసం వేపుడు ముందు చికెన్ బిర్యానీ కూడా దిగదుడుపే.

పోయిన చలికాలం అలాంటి మనిషి చేతిలో ఒక ఆడజింక గాయపడింది. తూటా గుండెకు తగలాల్సింది, పొట్టలో తగిలింది. అది పడిపోకుండా చెట్లలోకి పారిపోయింది. అడవి బాగోగులు చూసే మోరాగ్ కుక్కను తీసుకొచ్చి వెతికితే, పొద్దు వాలే వేళకు పొదలో ముడుచుకుని దొరికింది. ఇంకా బతికే ఉంది. రోజమ్మను చూసి లేవబోయి లేవలేకపోయింది. ఆ చూపు రోజమ్మను ఇంటిదాకా వెంటాడింది.

మోరాగ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ‘పేలగానే తుపాకీ వెనక్కి తన్నుతుందని నీ భుజం భయపడుతోంది. అక్టోబరులో ఆడజింకల సీజన్ మొదలయ్యే లోపు నా ముందు మూడు తూటాలు వేసి చూపించు. మూడూ అరచేతంత వలయంలో పడితేనే ఈ అడవిలోకి రానిస్తాను’ అంది. రోజమ్మ తనకు తానే ఇంకో ఒట్టు పెట్టుకుంది. నా వల్ల ఇంకో ప్రాణి అలా కొట్టుకోకూడదు. అది చేతకాకపోతే తుపాకీ అమ్మేస్తాను.

“చిన్న తుపాకీ కొనుక్కోరాదూ? తన్నదు కదా” అన్నాడు భర్త ఏలియా. ఆయన ఎడిన్‌బర్గ్‌లో బస్సు నడుపుతాడు. తుపాకీ ఉన్న బీరువా వైపు కూడా చూడడు.

“లైసెన్సులో మార్పు చేయించుకునే సరికి ఈ సీజన్ కాస్తా అయిపోద్దండీ. తుపాకీ మారదు. తూటా మారాలి.”

తూటా మార్చడమంటే రామమోహనరావు అంకుల్ దగ్గరికి వెళ్ళడమే. రిటైరైన ఫార్మసిస్టు, తెనాలి వాడు. చూడండి విడ్డూరం, గుడ్డు కూడా ముట్టని మనిషి తన గ్యారేజీలో తూటాలు తయారుచేసుకుంటాడు! ఆయన కాల్చేది గురి చూసుకునే అట్టల మీదే. వాడిన ఇత్తడి గొట్టాన్ని శుభ్రం చేసి, కొత్త తుపాకీ మందు తూచి పోసి, పైన గుండు బిగించడమంటే ఆయనకు పూజతో సమానం.

“నేను చేసివ్వనమ్మాయ్. నీ తూటా నువ్వే చేసుకోవాలి, నేను పక్కన కూర్చుంటా” అన్నాడు. “మందు మన ఇష్టమొచ్చినట్టు తగ్గించేది కాదు. బాగా తగ్గిస్తే అదీ ప్రమాదమే. పుస్తకంలో ఉన్న కొలత దాటకూడదు, ఇటూ అటూ.”

మొదట ఆయన అట్టల మీద వాడే మెత్తటి కొలతతో చేయించాడు. తుపాకీ సాధన చేసే రేంజికి వెళ్ళి పేల్చిన రోజమ్మ మొహం చేటంతైంది.

“అబ్బ! దిండుతో కొట్టినట్టుంది అంకుల్! ఇది చాలు. ఇంకేం వద్దు.”

రామమోహనరావు తూటా వేగం కొలిచే యంత్రం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. “చాలదు. జింకను కొట్టే తూటాకు ఇంత వేగం, ఇంత బలం ఉండాలని ఇక్కడ చట్టం ఉంది. ఇది ఆ గీత కింద ఉంది. అట్టలకు పనికొస్తుంది, జింకకు రాదు.”

“పరీక్ష కూడా అట్ట మీదే కదా? దీంతో మోరాగ్‌కి చూపించేస్తా.”

“చూపించి? అడవిలోకి ఏది తీసుకెళ్తావ్?”

రోజమ్మకు ఒళ్ళు మండింది. ఎవరికి తెలుస్తుంది, ఎవరు కొలుస్తారు అని నోటిదాకా వచ్చింది. అంతలో పొదలో లేవబోయిన జింక కళ్ళు గుర్తొచ్చాయి. బలం చాలని గుండు జింక ఒంట్లోకి దిగాక వెడల్పుగా విచ్చుకోదు, అది కూడా గాయం చేసి వదిలేస్తుంది. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

“సరే. మళ్ళీ మొదటినుంచి చేద్దాం అంకుల్.”

ఈసారి మందు కాదు, గుండును మార్చారు. బరువైన గుండు వెనక్కి గట్టిగా తంతుంది. తేలికైనదైతే తన్ను తగ్గుతుంది, వేగం నిలుస్తుంది. తేలికైనా సరే, జింకలో విచ్చుకునే రకమే కావాలి. దుకాణంలో రకరకాలు అడిగి, తెచ్చి, చేసి, పేల్చి, గురి కుదరనివి పక్కన పెట్టి, సెలవు దొరికిన ప్రతి శనివారం రేంజికి పోయింది. చివరికి ఒకటి నిలిచింది. యంత్రం కూడా చట్టం గీత దాటిందనే చెప్పింది. దిండు దెబ్బ కాదు గానీ, భుజం ఓర్చుకునే దెబ్బే. అయినా మూడింట్లో ఒకటి వలయం కిందికి జారుతూనే ఉంది.

రామమోహనరావు ఇక లాభం లేదనుకుని ఒక పని చేశాడు. తూటాలు తనే తుపాకీలో వేసి ఇచ్చాడు. వాటిలో ఒకటి లోపల మందు లేని ఉత్తుత్తి తూటా. రోజమ్మ ట్రిగ్గర్ లాగింది. ‘టిక్’ అంది, అంతే. పేలని తుపాకీ ముక్కు మాత్రం నేలకు వంగింది. రోజమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. పెదాలు ‘ప్రభువా’ అంటున్నాయి.

“ఏమ్మా, ప్రార్థనా?”

“తప్పేంటంకుల్? ప్రాణం తీసేటప్పుడు దేవుణ్ణి తలుచుకోవద్దా?” ఆదివారపు బడి నాటినుంచి ఆ పేరెత్తితే ఆమె కళ్ళు వాటంతటవే మూతపడతాయి.

“తలుచుకో, ఎవరొద్దన్నారు? ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు కూడా ఇలాగే కళ్ళు మూసుకుంటావా?”

“అయ్యో, సూది తీయకముందే తలుచుకుంటా” అని ఆగిపోయింది రోజమ్మ. మొహం ఎర్రబడింది. తుపాకీ పక్కన పెట్టి నెమ్మదిగా అంది. “ఇది ప్రార్థన కాదంకుల్. భయం. భయం మీద దేవుడి పేరు కప్పుకున్నా.”

ఆ రోజునుంచి పద్ధతి మార్చింది. తుపాకీ ముట్టకముందే కళ్ళు మూసుకుని ప్రార్థన, ఆమెన్. ఆ తర్వాత తూటా పేలి, చప్పుడు అణిగేదాకా కళ్ళు తెరిచే ఉండాలి. చెప్పినంత తేలిక కాలేదు. ఉత్తుత్తి తూటాలతో వంటింట్లోనే సాధన చేస్తుంటే ఏలియా అటు రావడమే మానేశాడు. ఆమె మాత్రం ఉడుంపట్టు వదల్లేదు.

మోరాగ్ ముందు మూడు తూటాలూ వలయంలోనే పడ్డాయి.

సీజన్ మొదలైన వారానికి, తెల్లవారే వేళ, అడవి అంచున ఒక ముసలి ఆడజింక బయటికొచ్చింది. వెంట పిల్ల లేదు. కొట్టమన్నట్టు మోరాగ్ ఆమె భుజం తట్టింది. రోజమ్మ ప్రార్థన దారిలోనే అయిపోయింది. జింక పక్కకు తిరిగేదాకా ఆగి, ట్రిగ్గర్ నొక్కింది.

తుపాకీ మెత్తగా తన్నింది. తుపాకీ మీది దుర్భిణి కదిలిపోలేదు, కళ్ళు మూతపడలేదు. తూటా తగలడం, జింక ముందరి కాళ్ళు మడతపడడం, పచ్చిక మీద ఒరిగిపోవడం, అన్నీ చూసింది. అడుగు కూడా వేయలేదు అది. ఇన్నేళ్ళలో తన చేతిలో పోయిన జింక పడిపోవడాన్ని చూడటం అదే మొదటిసారి. ఇదివరకు కళ్ళు తెరిచేసరికి పడి ఉండేది, లేదా ఉండేది కాదు.

దగ్గరికెళ్ళి దాని మెడ మీద చెయ్యి వేసింది. ఇంకా వెచ్చగా ఉంది. రోజమ్మకు ఏడుపు ఆగలేదు.

“భుజం నొప్పా?” అంది మోరాగ్ కంగారుగా.

“భుజం బాగానే ఉంది” అంది రోజమ్మ కళ్ళు తుడుచుకుంటూ. “పడటం చూశాను. ఇకమీదట ప్రతిదాన్నీ చూస్తాను. చూడలేని రోజున నీ అడవికి రాను.”